జోగయ్య తాత విల్లు, నా వంకర కట్టె

ఒకే మనిషిని మూడుసార్లు చంపినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. కేసు లేదు, జైలు లేదు, ఉద్యోగానికి ఢోకా రాలేదు. పైగా రిటైరై పెన్షన్ కూడా తింటున్నాను. మూడుసార్లూ పోయినవాడు జోగయ్య తాత. ఆయనకు నా మీద పెద్దగా కోపం కూడా లేదు, అదే నన్ను ఇన్నేళ్లుగా కొరుకుతోంది.

ఎనభైల మొదట్లో సంగతి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మాది మధిర పక్కన పల్లె. తాతల నాడు కృష్ణా వైపు నుంచి వచ్చి, వరీ పత్తీ వేసుకుని నిలదొక్కుకున్న కుటుంబం. ఇంట్లో అందరికీ ఏదో ఒక చేతిపని వచ్చు. నాకు మాత్రం కొడవలికి కూడా ఎటు పదునో తెలియదు, అందుకని చదివించారు. టీచర్ ట్రైనింగ్ అవగానే పర్ణశాల దాటి, బండి బాటన రెండు వాగులు దాటి, అడవిలో ముప్పై ఇళ్ల గూడెంలో వేశారు. ఆర్డరు చూసి మా అమ్మ కళ్లు తుడుచుకుంది. మా నాన్న మాత్రం, "రాముడంతటివాడే అక్కడ కాపురం చేశాడు, వీడికేం రోగం" అన్నాడు. రాముడు అక్కడ పడ్డ కష్టాలు ఆయనకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

బడి అంటే తాటాకు పాక. పడక అందులోనే. తిండి మాత్రం జోగయ్య తాత ఇంట్లో. తాతకు అరవై దాటాయి, మాట తక్కువ. ఆయన భార్య ముత్తవ్వకు మాట ఎక్కువ. కొడుకు సోమయ్య నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్ల ఇంట్లో పొయ్యి మీద, పొగ తగిలేచోట, ఒక వెదురు విల్లు వేలాడేది. తాతకు పెళ్లికాక ముందునుంచీ అదే విల్లు. పొగకు నల్లబడి, నూనె పట్టి, చేప వీపులా నున్నగా మెరిసేది.

శ్రీరామనవమి దాటాక ఆ గూడెంలో విత్తనాల పండుగ వస్తుంది. ఆ మూడు రోజులూ మగవాళ్లంతా విల్లంబులతో అడవికి పోవాలి. ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు ఎదురొచ్చి పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఆ ఏడు పండుగకు ఇంకా ఇరవై రోజులుందనగా తాత విల్లు దింపి, నారి విప్పి, గుడ్డతో తుడుస్తున్నాడు. నేను అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చాను. అక్కడితో ఆగి బడికి పోయుంటే ఈ కథే లేదు.

"ముట్టుకోవచ్చా తాతా?" అన్నాను.

"ముట్టు. ముడితే ఏమైతది" అన్నాడు తాత.

"నేను ఎక్కుపెడతాను చూడు."

"వద్దు పంతులూ, గది నీతోటి కాదు."

ఇరవై మూడేళ్లవాడితో అనకూడని మాట ఏదైనా ఉందంటే అది ఇదే. "చిన్నప్పటి నుంచి ఏటా భద్రాచలం కళ్యాణం చూస్తున్నా తాతా. రాముడు ఎక్కుపెట్టిన దానికంటే ఇది పెద్దదా?" అన్నాను.

గుమ్మంలో కూచున్న సోమయ్య, "ఆయన ఎక్కువెట్టలే పంతులూ, ఇరిచిండు. నువ్వు ఇరవకు" అన్నాడు.

నారి విప్పిన విల్లు ఇంచుమించు తిన్నని బద్దలా ఉంటుంది. ఎటు వంచాలో తెలిసినవాళ్లకే తెలుస్తుంది. నేను మన బడి తెలివితో ఆలోచించాను. నున్నగా ఉన్న వైపు మనవైపుండాలి, గరుకు వైపు శత్రువు వైపుండాలి. న్యాయం అదే కదా. నున్నటి పైతోలు నా ఛాతీ వైపు పెట్టుకుని, ఒక కొన నేలకానించి, మోకాలు అడ్డుపెట్టి, నలభయ్యేళ్లుగా ఒకవైపే వంగడం అలవాటైన విల్లును రెండోవైపు వంచాను. "ఆగాగు" అని తాత లేచేలోపే టప్పుమంది.

విల్లు విరగడం నాకు ముందు నవ్వులాటగానే అనిపించింది. "రాముడికంటే తక్కువ తిన్నానా" అనబోయాను కూడా. తలెత్తి చూస్తే ముత్తవ్వ చేట కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. సోమయ్య ముఖం రంగు మారింది. పక్కిళ్లవాళ్లు ఆ చప్పుడుకే వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. తాత రెండు ముక్కలూ నా చేతిలోంచి తీసుకుని, కాసేపు చూసి, చూరులో దోపాడు. తర్వాత లోపలికి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఇంకోటి తెప్పిస్తా సోమన్నా, భద్రాచలంలో దొరకదా?" అన్నాను.

సోమయ్య నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు. "నీకు ఎరుక లేదు పంతులూ. మా గూడెంల మనిషి పోయిన్నాడు, మోసుకపోయేటప్పుడు, ఆయన విల్లు ఇరిచి పక్కన పెడతం. ఇరిస్తేనే అది ఆయనెంట పోతది. బతికున్నోని విల్లు ఎవ్వలు ఇరవరు."

"ఇరిస్తే?"

"ఇరిస్తే ఏముంది. మా నాయన ఇయాల పోయిండు. ఇంక మోసుడే మిగిలింది."

నవ్వుతున్నాడేమోనని ముఖం చూశాను. నవ్వడం లేదు.

తాత ఆ పూట తినలేదు. మర్నాడూ తినలేదు. ముత్తవ్వ ఏడిస్తే రెండు గుక్కల జావ తాగి మళ్లీ గోడకు తిరిగాడు. నన్నెవరూ తిట్టలేదు, ఒక్క చెయ్యీ లేవలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది. మూడోరోజు గూడెం పెద్ద బడికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇరిచిన చెయ్యే చెయ్యాలె పంతులూ. ఇంకొకరు ముట్టొద్దు. ఆయన లేచి దాంతోటి అంబు ఇడిస్తే ఈ ఇరుసుడు లెక్కల రాదు."

"ఎప్పటిలోపల?"

"పండుగ లోపట. విల్లు లేని మగోడు పండుగనాడు మాకు మగోడు కాదు, మనిషి గూడ కాదు."

"నాకు పలక పట్టుకోవడం తప్ప ఏమీ రాదు పెద్దాయనా."

"ఇరుసుడు వచ్చింది గదా" అని పెద్ద వెళ్లిపోయాడు.

వేసవి సెలవులిచ్చారు, నేను ఇంటికి పోలేదు. వెదురు కోసం అడవిలోకి పోతే ఆ ఏడు వెదురంతా పూతపూసి ఎండి నిలబడింది. వెదురు ఒక్కసారే పూసి చస్తుంది. అది కూడా నా పోస్టింగ్ చూసుకునే పూసింది. సంగతి చెబితే మంచం మీంచి తాత గోడతో అన్నాడు: "జాన చెట్టు కట్టె సూడు. సక్కగ పోయింది, ముడి లేంది. నీదిక్కుండే పొట్టనే గీకు, అవతలి వీపు ముట్టకు. తోలు కింద వీపు ఎట్లుందో అట్లనే ఉండాలె. వంచినప్పుడు ఏడ వంగదో ఆడ గీకు."

నాతో కాకపోయినా, ఏదో ఒకదానితో మాట్లాడాడు. ఆ ఆనందంలో నేను చివరి ముక్క తప్పుగా ఎక్కించుకున్నాను. మంచి కట్టె దొరికింది, తిన్నగా ఉంది, ఐదు రోజులు గీకాను. వంగుతున్న చోట వంగుతోంది కదా, ఇక్కడ పని బాగా జరుగుతోంది అనుకుని అక్కడే గీకాను. బాగా చదివే పిల్లవాణ్ణే మళ్లీ మళ్లీ లేపి అడిగినట్టు. ఆరోరోజు మంచం పక్కన నిలబడి, "చూడు తాతా" అని వంచాను. అదే టప్పు చప్పుడు.

తాత గోడ వైపు నుంచి తిరగలేదు. "ఒక్క మనిషిని ఎన్నిసార్లు సంపుతవ్ పంతులూ?" అన్నాడు.

ఇది రెండోసారి. అప్పటికి తాత మెడ ఎముకల మధ్య పిడికెడు గుంట పడింది. ముత్తవ్వ నాకు అన్నం పెట్టడం మానలేదు. కంచం ముందు పెట్టి పక్కనే కూచునేది, ఒక్క మాటా అనేది కాదు. అంత మాటకారి మనిషి ఊరుకుంటే ఆ అన్నం ఎట్లా దిగుతుంది.

పండుగకు పదకొండు రోజులు. మళ్లీ అడవికి పోయాను. ఈసారి మంచి కట్టె వెతకాలనే ఉంది గానీ, బాట పక్కన పుట్ట తవ్వేసి ఉంది, తవ్విన మట్టి ఇంకా తడిగా ఉంది. ఎలుగుబంటి పని. అట్లాంటప్పుడు కట్టెలో గుణాలు ఎంచకూడదు. చేతికందిన జాన కొమ్మ నరుక్కుని పరుగెత్తాను. వాగు దగ్గర ఫారెస్టు గార్డు ఆపాడు.

"ఏంది పంతులూ ఆ కట్టె?"

"బెత్తం. బడి పిల్లలకు."

గార్డు దాన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "గింత లావా? పాపం పిల్లలు" అని వదిలేశాడు. అడవిలో నన్ను చూసి జాలిపడింది ఆయనొక్కడే, అదీ పిల్లల మీద.

ఇంటికొచ్చి చూసుకుంటే ఆ కట్టెకు మూడు వంకరలు, నడుమకు పైన ముడి. ఒక కొన నా మణికట్టంత, రెండో కొన వేలంత. "ఆడలేక మద్దెల ఓడు" అంటారు. నా విషయంలో మాత్రం మద్దెల నిజంగానే ఓడు, ఆడటం కూడా రాదు. ఇంకో కట్టె తెచ్చే రోజులు లేవు, ధైర్యం అసలే లేదు. తాత దగ్గరికి తీసుకుపోయి గోడకు ఆనించాను.

తాత తల కొంచెం తిప్పాడు. పదిరోజుల్లో మొదటిసారి గోడను వదిలాడు. "ఇదేంది?"

"విల్లు తాతా. కాబోయే విల్లు."

"పాము పోతాంటే చూసి తెచ్చినవా?"

అక్కడి నుంచి నా పనీ, తాత కోపమూ ఒకదాన్నొకటి లాక్కుంటూ నడిచాయి. వంకర తీయాలంటే కట్టెకు ఇప్ప నూనె రాసి, నిప్పుల మీద కాచి, వేడి మీద చెట్టు పంగలో పెట్టి ఎదురు తిప్పాలి. ఒక వంకర తీశాను, రెండోది పెరిగింది. రెండోది తీస్తే మొదటిది తిరిగొచ్చింది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. నా కట్టె మొక్కగా ఉన్నప్పుడే మూడుచోట్ల వంగి కూచుంది, మానయ్యాక నేను వంగమన్న చోట మాత్రం వంగనంది.

"ముడికాడ గీకకు, ఆడ కండ ఉంచు" అని మంచం మీంచి కేక. "పైచెయ్యి సూడు, పహిల్వాన్ చెయ్యి లెక్క ఉంది. కిందిది సూడు, నీ చెయ్యి లెక్క ఉంది. రెండు ఒక్క తీరుగ వంగాలె. బాడిస పెట్టకు, ఇంక గాజు పెంకుతోటి గీకు. ఎవలు నేర్పిండ్రు నీకు గిట్ల పట్టుడు?"

"ఎవరూ నేర్పలేదు తాతా."

"కనవడతాంది అది."

తిట్టడానికి ఓపిక కావాలి కదా, ముత్తవ్వ ఆ సందు చూసి జావ అందించేది. తాత తిట్టు తిట్టుకూ మధ్య గుక్కెడు తాగేవాడు. మంచం మీద పడుకున్నవాడు దిండుకు ఆనుకున్నాడు. దిండుకు ఆనుకున్నవాడు గోడకు ఆనుకున్నాడు. నాకు ధైర్యం వచ్చింది. అంతలో ఒకరోజు పొద్దున్నే నేను బాడిస తిరగేసి పట్టుకున్నా కేక రాలేదు. చూస్తే కళ్లు మూసుకుని ఉన్నాడు. కావాలని వీపు వైపు గీకబోయాను. అయినా పలకలేదు. నాకు చేతులు ఆగిపోయాయి, ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను. ముత్తవ్వ వచ్చి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "ఉన్నడు. ఆపకు, విల్లు పని ఒడువగొట్టు" అంది.

ఆ రోజు నుంచి నాకు గీకాలంటే భయం. ఇంకో పొర తీస్తే విరుగుతుందేమో, ఈసారి విరిగితే తాత లేవడేమో. అందుకని చాలాచోట్ల చాలనిపించకముందే ఆపేశాను. లావు లావుగానే మిగిలింది. పైన ఇప్ప నూనె మాత్రం నాలుగురెట్లు పట్టించాను. దేవుడికి మొక్కుకోవడం తెలిసినవాడు దేవుడికి పోస్తాడు, నేను కట్టెకు పోశాను.

పండుగకు ముందురోజు ఎండ దిగుతుండగా సోమయ్య తండ్రిని ఎత్తి వాకిట్లో కూచోబెట్టాడు. గూడెమంతా వచ్చింది. నేను విల్లు చేతికిచ్చాను. తాత ఒక కన్ను మూసి దాని పొడుగునా చూశాడు. చూపు పోతూ పోతూ రెండుచోట్ల మలుపు తిరిగినట్టుంది, తల కూడా తిప్పాడు.

"విల్లు చెయ్యమంటే నాగలి చేసిండు" అన్నాడు. అని నవ్వాడు. పంతొమ్మిది రోజుల తర్వాత నవ్వు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. తర్వాత లేచి నిలబడి, సోమయ్యను పక్కకు పొమ్మని, బాణం సంధించాడు. ఆ లావు కట్టె నాలుగు వేళ్లు వంగింది. తాత ఎదురుగా ఉన్న మద్ది చెట్టుకు గురిపెట్టాడు. బాణం కుడివైపు తిరిగి, బడి పక్కన ఆరేసిన నా పంచెలోంచి దూసుకుపోయింది.

"పోయింది గదా" అన్నాడు పెద్ద. "అంబు ఇడిచిండు. లెక్కల రాదు."

తాత గిన్నెడు జావ ఒక్క ఎత్తున తాగాడు.

మూడు రోజుల వేటలో తాత ఎడమవైపు కుందేలుకు గురిపెడితే బాణం కుడివైపు చెట్టుకు తగిలింది. ఒట్టి చేతులతో వచ్చాం. ముత్తవ్వ పేడనీళ్ల కడవతో ఎదురొచ్చి మొగుణ్ణి వదిలేసి నా దగ్గర ఆగింది. "కొట్టనిది ఆయన కాదు, విల్లు. విల్లు చేసినోడు ఎవడు?" అని మొత్తం నా నెత్తిన పోసింది. రాముడు విల్లు విరిస్తే సీత దక్కింది, నాకిది దక్కింది. ఆ కంపులో నేను చాలా సంతోషంగా ఉన్నాను, నిజం చెబుతున్నాను.

తాత నాలుగేళ్లు బతికాడు. నన్ను ట్రాన్స్‌ఫర్ చేసేవాళ్లు లేరు, ఆ గూడేనికి వస్తామనేవాళ్లూ లేరు, కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. "వెదురు మళ్లీ మొలుస్తోంది, ఇంకోటి చేసుకో తాతా" అంటే, "ఇదే మంచిది. దీంతోటి ఎవ్వల పాణం తీసిన పాపం ఉండదు" అనేవాడు. పొయ్యి మీద అదే చోట వేలాడదీశాడు. నాలుగేళ్లు పొగ తాగి అది నల్లబడింది.

ఒక చలికాలం పొద్దున హాజరు పిలుస్తుంటే సోమయ్య వచ్చాడు. "నాయన పోయిండు పంతులూ." నేను రిజిస్టరు మూసేశాను. ఇంతకంటే ఆ సంగతి రాయలేను.

మధ్యాహ్నానికి అందరూ చేరారు. వాగు అవతల కట్టెలు పేర్చారు. మోసే ముందు విల్లు విరవాలి. సోమయ్య మోకాలికి అడ్డంపెట్టి లాగాడు. వంగింది, విరగలేదు. ఇద్దరు లాగారు. ఇంకా వంగింది. నలుగురు లాగి వదిలితే ఎగిరి ఇద్దర్ని వెనక్కి తోసింది. తాత బతికుండగా నాలుగు వేళ్లకు మించి వంగనిది ఇప్పుడు ఎంతంటే అంత వంగుతోంది, విరగడం మాత్రం లేదు. నేను గీకడానికి భయపడి వదిలిన కండ, నాలుగురెట్లు పోసిన నూనె, నాలుగేళ్ల పొగ. జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క గట్టి వస్తువు అది.

"గొడ్డలి తెండి" అన్నాను.

"ఇనుము ముట్టొద్దు" అన్నాడు పెద్ద. "చేతితోటే. పొద్దు గూకక ముందే."

రెండు బండల మీద పెట్టి నేను ఎగిరి దూకాను. అది నన్ను విసిరేస్తే తాత పాడె పక్కనే వెల్లకిలా పడ్డాను. ఎవరో ముసలామె ఏడుస్తూ ఏడుస్తూ ఫక్కుమంది, మళ్లీ ఏడ్చింది. పొద్దు మద్ది చెట్ల కిందికి దిగుతోంది. తాత ఎండలో అలా పడుకుని ఉన్నాడు, నా విల్లు కోసం కాచుకుని. "ఇరగగూడంది ఇరిచిండు, ఇరగాల్సింది ఇరగకుంట చేసిండు" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

అప్పుడు ముత్తవ్వ లేచి వచ్చింది. "మీతోటి కాదు, జరుగుర్రి" అంది మగవాళ్లతో. "మీరు విల్లు వంచెటోళ్లు. పంతులుకు ఇయ్యుర్రి."

"నేనూ చూశాను అవ్వా, కావడం లేదు."

"గిట్ల పడితే కాదు. ఆనాడు ఎట్ల పట్టినవ్? అట్ల పట్టు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అక్కడున్న ఏ చేతికీ పుట్టి బుద్ధెరిగాక విల్లును రెండోవైపు వంచడం తెలియదు. ఆ ఆలోచనే రాదు. లోకంలో ఆ పని చేసే మూర్ఖుడు ఒక్కడే ఉన్నాడు. విల్లు తిప్పాను. వీపు నావైపు, నేను గీకిన పొట్ట బయటివైపు. ఒక కొన నేలకానించి, మోకాలు అడ్డుపెట్టి వంచాను. ముడి దగ్గర టప్పుమంది. నాలుగేళ్ల కిందట విన్న చప్పుడే.

ఆ రెండు ముక్కలతో నేను నిలబడిపోయాను. ఇది మూడోసారి, ఈసారి నవ్వులాటగా అనిపించలేదు. ముత్తవ్వ వాటిని తీసుకుని, చూరులో దాచిన పాత వెదురు ముక్కలు కూడా తెచ్చి, నాలుగూ కలిపి తాత కుడిచేతి పక్కన పెట్టింది. తర్వాత నా ముందు ఆగింది. అన్నేళ్లూ నన్ను పంతులనే పిలిచింది.

"ఆనాడు తొందరపడ్డవ్ బిడ్డా" అంది. "ఇయాల యాళకే ఇరిచినవ్."

అయిపోయాక అందరం వాగులో స్నానం చేస్తున్నాం. గూడెం పెద్ద నీళ్లలో నా పక్కకు జరిగాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పంతులూ, నాది గూడ జర గట్టి విల్లే. నువ్వు జల్దీ ట్రాన్స్‌ఫర్ పెట్టుకోకు" అన్నాడు.

కాబట్టి పాఠకులారా, గోదారి సాక్షిగా, పేడనీళ్ల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఎవరి విల్లూ ముట్టను, ఎవరి ముందూ రాముడితో పోల్చుకోను. ఇప్పటికీ భద్రాచలం గుళ్లో చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాను, దేవుడి చేతిలో ఉన్నదాన్ని కూడా నమ్మను. ఈ ఒట్టు తీసి గట్టున పెట్టే రోజు ఒక్కటే, ఆ గూడెం నుంచి విల్లు విరవాలని కబురొచ్చిన రోజు. ఇప్పటికి అలా ఆరుసార్లు పెట్టాను.